దాచుకున్న చీకటి

ఆ రోజు పొద్దున కళ్ళజోళ్ళాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. దుకాణం తెరవాలి, వెనక గదిలో కూర్చుని అద్దాలు అరగదీసుకోవాలి, ఎవరికీ ఎక్కువగా కనిపించకూడదు, చీకటి పడగానే ఇంటికి వచ్చి డాబా ఎక్కాలి. ఇందులో ఎవరికీ ఇబ్బంది కలిగించేది ఏమీ లేదని ఆయన అనుకున్నాడు. అనుకుంటూనే అద్దం ముందు నిలబడి కుడికంటికి నల్ల గంత కట్టుకున్నాడు.

పాత గొడుగు గుడ్డని రెండు మడతలు వేసి, లోపల దూది పెట్టి, అంచుల వెంట తనే కుట్టుకున్న గంత అది. వెలుతురు పిసరంత కూడా దూరకుండా నాడాలు తల వెనక బిగించాడు. భార్య టీ కప్పుతో వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. కప్పు ఒరిగి సగం టీ సాసర్లోకి కారింది.

"ఏమైందండీ కంటికి?"

"ఏమీ కాలేదు. దాచుకుంటున్నాను."

"కన్ను దాచుకోవడమేంటి? ఎవరైనా ఎత్తుకుపోతారా?"

"ఎండ ఎత్తుకుపోతుంది. పగలంతా ఎండలో తిరిగిన కన్ను రాత్రి పూట సరిగ్గా పనిచెయ్యదు. పొద్దున్నుంచీ చీకట్లో ఉంచిన కన్నయితే ఎంత మసక వెలుతురునైనా పట్టేస్తుంది. ఇవాళ నాకు అలాంటి కన్ను ఒకటి కావాలి."

ఎందుకు కావాలో ఆవిడకి తెలుసు. చాలా కాలం క్రితం తోకచుక్కల కోసం వెతికే ఒక ఫ్రెంచి పెద్దమనిషి, తోకచుక్కల్లా కనిపించి తనని మోసం చేసే మసక మచ్చలన్నిటినీ ఒక పట్టికగా రాసిపెట్టాడు, వీటి జోలికి వెళ్ళి కాలం పాడుచేసుకోవద్దని. సరదాగా ఆకాశం చూసేవాళ్ళు అప్పటి నుంచీ పనిగట్టుకుని వాటి జోలికే వెళుతున్నారు. కళ్ళజోళ్ళాయనా అంతే. కృత్తికలు, వేటగాడి ఆకారంలో ఉండే చుక్కల గుంపు నడుము కింద వేలాడే నీహారిక, దేవయాని గెలాక్సీ, పొగతో చేసిన ఉంగరంలాంటి నీహారిక, చక్కెర ఒలికినట్టుండే నక్షత్ర గుచ్ఛాలు, అన్నీ చూసేశాడు. ఒక్కోదాని గురించి దగ్గరి చుట్టాల గురించి చెప్పినట్టు చెబుతాడు. పట్టికలో మిగిలింది ఒక్కటే, మీనరాశిలో ఉన్న డెబ్భై నాలుగో నంబరు గెలాక్సీ. పెద్దదే గాని, అద్దం మీద ఊదిన ఆవిరంత పలచన. ఎన్నో శీతాకాలాలుగా ఆయన అది ఉండే చోటు చూస్తున్నాడు గాని దాన్ని చూడలేదు.

ఇక మీదట చూసే వీలు కూడా ఉండదు. ఇంటి వెనక ఆటల మైదానానికి నాలుగు మూలలా కొత్తగా స్తంభాలు పాతి, వాటి తలల మీద దీపాల గుత్తులు బిగించారు. రేపు సాయంత్రం వాటిని మొదటిసారి వెలిగిస్తారు. ఆ తర్వాత ఆ డాబా మీద రాత్రిపూట పేపరు చదువుకోవచ్చు గాని గెలాక్సీ చూడటం కల్ల. ఇవాళ చంద్రుడు లేడు. నిన్నటి వాన ఆకాశాన్ని కడిగిపెట్టింది. ఉన్నది ఈ ఒక్క సాయంత్రమే.

"కళ్ళజోళ్ళు అమ్మే మనిషి ఒంటికన్నుతో కూర్చుంటే జనం ఏమనుకుంటారు?" అంది ఆవిడ. ఆవిడ ఒక పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో పనిచేస్తుంది. "మా డాక్టరుగారు బోసినోటితో కూర్చుంటే ఒక్కడైనా వస్తాడా?"

"నేను వెనక గదిలో ఉంటాగా. ఎవరు చూస్తారు?"

మొదట చూసింది రిటైరైన పంతులమ్మ. తయారైన కళ్ళజోడు తీసుకెళదామని వచ్చి, బల్ల మీద గంట కొట్టింది. అద్దాలు బిగిస్తున్న ఆయన ఆ ధ్యాసలోనే ఫ్రేము చేత్తో పట్టుకుని బయటికి వచ్చేశాడు. పంతులమ్మ రెండడుగులు వెనక్కి వేసింది.

"అయ్యో నాయనా! మొన్న నా కళ్ళు చూసినప్పుడు నీకు రెండూ ఉన్నాయి కదా!"

"ఇప్పుడూ రెండే ఉన్నాయండీ."

"మరి ఆ గంతేమిటి?"

ఆయన మనసంతా చేతిలో ఉన్న బుల్లి స్క్రూ మీద ఉంది. ఒంటికంటితో దూరం అంచనా తెలియక, రంధ్రం ఇక్కడుంటే స్క్రూ పక్కన గుచ్చుకుంటోంది. "వెలుతురు పడకూడదని కట్టుకున్నానండీ," అన్నాడు తల ఎత్తకుండానే.

"ఏ వెలుతురు? ఆ మిషన్‌లో గడ్డం పెట్టించి నా కంట్లోకి కొట్టావే, ఆ వెలుతురా?"

"ఏ వెలుతురైనా చెరుపేనండీ. అది మరీను."

స్క్రూ ఎగిరి కింద పడింది. ఆయన బల్ల కిందికి దూరి, నేల తడుముకుని, దొరికించుకుని పైకి లేచేసరికి పంతులమ్మ లేదు. కళ్ళజోడు కూడా తీసుకెళ్ళలేదు.

ఆవిడ పక్కనే ఉన్న చెప్పుల దుకాణంలోకి వెళ్ళి స్టూలు మీద కూలబడింది. చెప్పులాయన ఆ వీధికి పెద్ద తలకాయ. మైదానం కమిటీకి అధ్యక్షుడు కూడా ఆయనే. చాలా మంచివాడు. ఎవరికి ఆపద వచ్చినా పిలవకుండానే వస్తాడు, పొమ్మన్నా పోడు.

"ఆ మిషన్ వెలుతురుకి పాపం కన్ను పోగొట్టుకున్నాడు," అంది పంతులమ్మ. "నేనూ దాంట్లోనే తల పెట్టాను. అప్పటి నుంచీ నాకు కుడికన్ను ఒకటే దురద."

"కన్ను పోయిందని తనే చెప్పాడా?"

"ఎవరైనా చెప్పుకుంటారా? రెండే ఉన్నాయని బుకాయిస్తున్నాడు."

చెప్పులాయన ఒక కాలికి చెప్పు తొడిగి చూపిస్తున్న గిరాకీని అలాగే వదిలేసి పరిగెత్తాడు. గిరాకీ కూడా ఆ ఒక్క చెప్పుతోనే వెనకాల వచ్చాడు.

"ఏమయ్యా, మాకు ఒక్క మాటైనా చెప్పొద్దా? ఏది, ఆ గంత ఒకసారి తియ్యి."

"తియ్యకూడదు."

"ఎందుకు తియ్యకూడదు?"

"తీస్తే పొద్దున్నుంచీ పడ్డ శ్రమంతా పోతుంది. నాకేమీ కాలేదు, నన్ను నమ్ము. సాయంత్రం దాకా ఓపిక పట్టు."

"ఏమీ కాకపోతే తియ్యడానికేం?"

కళ్ళజోళ్ళాయన స్క్రూ పక్కన పెట్టి, నిజం చెబితే గొడవ వదిలిపోతుందని అనుకున్నాడు. ఆ రోజు ఆయన చేసిన పొరపాట్లలో ఇదే పెద్దది. "చూడు, మూడు కోట్ల ఏళ్ళ క్రితం ఒక వెలుతురు బయలుదేరింది. అది ఇవాళ సాయంత్రం నా కంట్లో పడాలి. దాని కోసమే ఈ కన్ను ఖాళీగా ఉంచాను."

చెప్పులాయన ఆ గంత వైపు ఒకసారి చూశాడు. తర్వాత ఆయన భుజం మెల్లగా తట్టి, బయటికి వచ్చి, గుమ్మంలో ఉన్నవాళ్ళతో గొంతు తగ్గించి చెప్పాడు. "కన్నొక్కటే కాదు. తలకి కూడా ఎక్కింది."

ఆ మాటతో వీధి వీధంతా కళ్ళు నులుముకోవడం మొదలుపెట్టింది. మంగలికి మసకగా ఉంది. రొట్టెల దుకాణం ఆవిడకి నీళ్ళు కారుతున్నాయి. అంతకుముందు వారమే కళ్ళజోళ్ళాయన ఆ మిషన్‌ని బడికి మోసుకెళ్ళి పిల్లలందరి కళ్ళూ చూశాడన్న సంగతి ఎవరికో గుర్తొచ్చింది. ఇక తల్లులూ తండ్రులూ బయలుదేరారు. ఒక తండ్రి తన కూతుర్ని దుకాణం ముందు నిలబెట్టి రెండు వేళ్ళు చూపించి ఎన్ని అని అడిగాడు. బళ్ళో లెక్కలు ఎగ్గొట్టి వచ్చిన సంతోషంలో ఆ పిల్ల ఐదు అంది. తల్లి అక్కడికక్కడే కూలబడింది.

ఇంతలో వేరే ఊళ్ళో ఉన్న ఆయన అక్కయ్యకి కూడా కబురు చేరింది. ఫోనులో ఆవిడ ఏడుపు బల్లకి అవతల ఉన్నవాళ్ళందరికీ వినిపించింది.

"ఒరేయ్ తమ్ముడూ, నువ్వేం బెంగపెట్టుకోకు. నా కన్నొకటి ఇచ్చేస్తాను. నాకు ఎడమది బాగా కనిపిస్తుంది, అది నువ్వు తీసుకో."

"అక్కా, నా కన్ను నా దగ్గరే ఉంది."

"సీసాలో పెట్టి ఇచ్చారా? పారెయ్యకు! అతికిస్తారేమో అడుగుదాం!"

ఆయన ఫోను పెట్టేసి తల పట్టుకున్నాడు. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం గంత ఎత్తితే అంతా సర్దుకుపోతుంది. నాడా మీదికి చెయ్యి వెళ్ళింది కూడా. కాని గుమ్మంలోంచి ఎండ నిలువునా లోపలికి కొడుతోంది. ఆ ఎండలో దుకాణంలోని ఫ్రేములన్నీ మెరుస్తున్నాయి. ఇన్ని శీతాకాలాల తర్వాత మిగిలిన ఒక్క సాయంత్రం ఆయన కళ్ళముందు, అంటే ఎడమకన్ను ముందు, కదిలింది. చెయ్యి దించేశాడు. గుమ్మంలో నిలబడి చూస్తున్నవాళ్ళంతా ఒక్కసారి ఊపిరి బిగబట్టారు. ముట్టుకోలేకపోయాడంటే నొప్పి ఎంతుందో అని చెప్పుకున్నారు.

చెప్పులాయన ఫోను చేస్తే భార్య పరిగెత్తుకుంటూ వచ్చింది. ఆవిడ వెనకే పళ్ళ డాక్టరు, నుదుటికి కట్టుకున్న దీపంతో సహా. ఆయన వెనక, సగం పీకిన పన్నుతో, బుగ్గ నిండా దూదితో ఒక పేషెంటు. డాక్టరు ఎటు వెళితే అటు వెళ్ళడం తప్ప అతనికి వేరే దారి లేదు.

"నేను పొద్దున్నే చెప్పానా లేదా?" అంది భార్య పళ్ళు కొరుకుతూ. "తియ్యండి దాన్ని. అందరికీ చూపించి పంపించెయ్యండి."

"నీకు తెలుసుగా ఎందుకు కట్టానో!"

"నాకు తెలుసు. వాళ్ళకి తెలియదు. పిల్లల తల్లులు ఏడుస్తున్నారండీ బయట. రేపటి నుంచి ఈ దుకాణం మెట్టు ఎవరైనా ఎక్కుతారా?"

అప్పుడు ఆయనకి మంచి ఉపాయం తట్టింది. కళ్ళు పరీక్షించే గది ఎలాగూ చీకటిగదే. ఆకాశం చూసేవాళ్ళు వాడే ఎర్రలైటు ఆయన సంచీలో ఉంది. ఎర్ర వెలుతురు చీకటికి అలవాటుపడ్డ కంటిని పాడుచెయ్యదు. తలుపు మూసి, ఆ ఎర్ర వెలుతురులో గంత ఎత్తి డాక్టరుకి చూపిస్తే, డాక్టరు బయటికి వచ్చి బాగుందని చెబుతాడు.

"నేను పళ్ళ డాక్టరునండీ," అన్నాడు డాక్టరు.

"ఏ డాక్టరైతేనేం, వెళ్ళండి!" అన్నారు జనం.

తలుపు మూసుకుంది. బయట అందరూ తలుపుకి చెవులు ఆనించారు. లోపల ఏదో కుర్చీ పడిన చప్పుడైంది. డాక్టరు బయటికి వచ్చేసరికి ఆయన మొహంలో నెత్తురుచుక్క లేదు.

"కన్ను... నిప్పుకణికలా ఎర్రగా ఉంది. నల్లపాప విచ్చుకుపోయింది. కన్నంతా అదే. అంత పెద్ద పాప నేను బతికున్న మనిషిలో చూడలేదు."

"ఎర్రలైటులో అన్నీ ఎర్రగానే కనిపిస్తాయి! చీకట్లో ఎవరి పాపైనా విచ్చుకుంటుంది!" అని లోపలి నుంచి ఆయన అరుస్తూనే ఉన్నాడు. అప్పటికే బయట గోల మొదలైంది. ఆ గోలలో దూది పేషెంటు కూడా ఏదో అన్నాడు గాని అది ఎవరికీ అర్థం కాలేదు.

భార్య మాత్రం అరవలేదు. ఉన్నచోటే నిలబడిపోయింది. పొద్దున్నుంచీ ఆవిడ మొహం మీద ఉన్న కోపం మెల్లగా జారిపోయి, దాని చోటికి భయం వచ్చింది. తలుపు దగ్గరికి వెళ్ళి మెల్లగా అంది. "ఏవండీ, ఆ చుక్కల సంగతి నిజమేనా? లేక నేను భయపడతానని అలా చెప్పారా?"

"నిజమే!"

"తలుపు తీసి చెప్పండి."

"సాయంత్రమైతే గాని తియ్యను!"

ఆవిడకి ఇక అర్థమైపోయింది. ఈ మనిషి ఇన్నేళ్ళూ చుక్కల పిచ్చి ఉన్నవాడే గాని, పిచ్చివాడు కాడు. ఇంత గొడవ జరుగుతుంటే ఒక మసక మచ్చ కోసం తలుపేసుకుని కూర్చుంటాడా? కన్ను పోయింది, తనకి చెప్పలేక గెలాక్సీ అంటున్నాడు. ఆవిడ శాలువా మొహానికి అడ్డం పెట్టుకుంది.

పొద్దు వాలేదాకా ఆయన బయటికి రాలేదు. వచ్చాక మాత్రం ఒక మాట అన్నాడు. "అందరూ మా డాబా మీదికి రండి. పూర్తిగా చీకటి పడ్డాక గంత తీస్తాను. అక్కడే చూసుకోండి." వీధిలో దుకాణాలన్నీ మూతపడ్డాయి. రొట్టెలావిడ పొయ్యి ఆర్పేసి మరీ వచ్చింది. ఒంటిచెప్పు గిరాకీ కూడా మెట్లెక్కాడు. జనమంతా డాబా మీదే ఉండటంతో కిందున్న ఇళ్ళలో ఒక్క దీపమూ లేదు. ఆ వీధి పుట్టాక అంత చీకటి ఎరగదు.

కళ్ళజోళ్ళాయన ఆనందం అంతా ఇంతా కాదు. టెలిస్కోపు మూత తీశాడు. కుడికన్ను మీద గంత అలాగే ఉంచి, ఎడమకన్నుతో మీనరాశి వెతికి, ఆనవాలుగా పెట్టుకునే చుక్కని పట్టుకుని, అక్కడి నుంచి తూర్పుకి పిసరంత జరిపి, చుక్కల వెంట తిరిగే చిన్న మోటారు వేశాడు. గెలాక్సీ ఉంటే ఇప్పుడు సరిగ్గా గొట్టం ఎదుట ఉంది. భార్య ఎటూ చూడకుండా మెట్ల పక్కన గోడకి ఆనుకుని కూర్చుంది. శాలువా ఆవిడ మొహాన్ని పూర్తిగా కప్పేసింది. భుజాలు కదులుతున్నాయి.

"నిశ్శబ్దంగా ఉండండి. తీస్తున్నాను," అన్నాడాయన.

నాడా విప్పాడు. దూది తీశాడు. ఇన్ని గంటల చీకటి తర్వాత కుడికన్ను తెరిచాడు. ఆ ఒక్క క్షణంలో ఆకాశం ఆయనకి ఎలా కనిపించిందో మాటల్లో చెప్పలేం. చెప్పడానికి అంత వ్యవధి కూడా లేదు. ఆయనకేమైందో చూడాలన్న ఆత్రంలో ఉన్నవాళ్ళంతా ఒకేసారి టార్చిలైట్లు వేశారు. లేనివాళ్ళు ఫోన్లు వేశారు. అందరికన్నా ముందుకు తోసుకొచ్చిన పళ్ళ డాక్టరు, ఒంటి చేత్తో ఆయన రెప్పలు విడదీసి, నుదుటి దీపాన్ని జానెడు దూరం నుంచి కంట్లోకి కొట్టాడు.

కళ్ళజోళ్ళాయన వేసిన కేక మైదానం అవతలికి వినిపించింది.

"బాగానే ఉందే!" అన్నాడు డాక్టరు ఆశ్చర్యంగా.

"బాగానే ఉందా?" అన్నారు అందరూ. ఒకరి తర్వాత ఒకరు వచ్చి చూశారు. తెల్లగుడ్డు తెల్లగా, నల్లపాప బుల్లిగా, మామూలు కన్ను. జనం మొహాలు వాడిపోయాయి. "ఇంతదానికా పొయ్యి ఆర్పుకుని వచ్చాను?" అంది రొట్టెలావిడ. "దురద కూడా పోయింది," అని పంతులమ్మ నిరాశగా ఒప్పుకుంది. చెప్పులాయన మాత్రం స్నేహితుడి మీద జాలి వదులుకోలేదు. మెట్లు దిగుతూ పక్కవాళ్ళతో అన్నాడు. "ఇలా చీకట్లో కూర్చుని కూర్చునే పాపం ఈ గతి పట్టింది. ఆ మైదానం తాళాలు నా దగ్గరే ఉన్నాయి. ఏదో ఒకటి చెయ్యాలి."

డాబా ఖాళీ అయింది. కళ్ళజోళ్ళాయన నేల మీద చతికిలబడ్డాడు. ఎటు చూసినా ఆయనకి పళ్ళ డాక్టరు దీపమే ఊదారంగు పళ్ళెంలా తేలుతూ కనిపిస్తోంది. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. "ఒక అరగంట," అని గొణిగాడు. "అరగంట ఆగితే చీకటి మళ్ళీ అలవాటవుతుంది."

గోడ పక్కన శాలువా లేచింది. అందరూ బాగానే ఉందన్నప్పటి నుంచీ భార్య లోపల లోపలే ఉడుకుతోంది. భయం పోయిన చోటికి పొద్దుటి కోపం రెట్టింపై వచ్చింది. "అంటే నిజంగానే దీని కోసమా? నన్ను పొద్దస్తమానం ఏడిపించింది దీనికా? ఏది, ఏముందో నేనూ చూస్తాను!"

విసవిసా వచ్చి టెలిస్కోపుకి కన్ను ఆనించింది. ఆవిడ అందులోకి చూడటం అదే మొదటిసారి.

"ఏమీ లేదు! మసి! ఇంతమంది ముందు పరువు తీసుకుని, దుకాణం మూసుకుని, చివరికి మీరు చూసేది నల్లటి మసి! అసలు మీకు..." తిట్టడానికి చూపు ఆయన వైపు తిప్పబోయింది. మాట ఆగిపోయింది.

"ఏమైంది?"

"ఇక్కడ ఏదో ఉంది."

"ఏముంది?"

"గుండ్రంగా. పొగ ఊదినట్టు. మధ్యలో కాస్త చిక్కగా. నేరుగా చూస్తే లేదు. మిమ్మల్ని తిడదామని పక్కకి తిరిగితే ఉంది."

కళ్ళజోళ్ళాయన కళ్ళు తెరిచాడు. మసక వస్తువుల్ని నేరుగా చూడకూడదు, పక్కకి చూడాలి, కంటి అంచుకి ఉన్న పట్టు మధ్యకి ఉండదు. ఈ కిటుకు అలవాటు కావడానికి ఆయనకి రెండు శీతాకాలాలు పట్టింది. ఆవిడకి ఒక్క తిట్టు పట్టింది. పైగా ఆవిడ ఇంతసేపూ మొహం మీద శాలువా కప్పుకుని ఏడ్చింది. దీపాలన్నీ ఆయన కంట్లో పడుతున్నప్పుడు, ఆ డాబా మీద చీకటికి అలవాటుపడ్డ కళ్ళు ఆవిడవే.

"జరుగు జరుగు!" అంటూ లేచాడు. కన్ను ఆనించాడు. ఊదారంగు పళ్ళెం. ఎడమకన్ను పెట్టాడు. అది పొద్దున్నుంచీ రెండు కళ్ళ పని చేసి అలిసిపోయి ఉంది. "ఫరవాలేదు, మోటారు తిరుగుతూనే ఉంటుంది. ఇంకొంచెంసేపు కళ్ళు మూసుకుంటాను. నువ్వు గొట్టం తాకకుండా అలా నిలబడు."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఆవిడ నిలబడింది. ఆ పళ్ళెం రంగు మెల్లగా వెలిసిపోతూ ఉండగా, మూసిన రెప్పల మీద ఉన్నట్టుండి ఎర్రగా తెల్లారింది. కళ్ళు తెరిచేసరికి డాబా, గోడలు, టెలిస్కోపు, భార్య మొహం, అన్నీ పట్టపగల్లా ఉన్నాయి. వెనక మైదానంలో నాలుగు స్తంభాలూ వెలిగిపోతున్నాయి. కింది నుంచి చెప్పులాయన గొంతు ఆప్యాయంగా వినిపించింది.

"రేపటిదాకా ఎందుకని ఇప్పుడే వేయించానయ్యా! ఇక నీ కళ్ళకి ఏ ఇబ్బందీ ఉండదు! రోజూ వేయిస్తాను!"

ఆకాశంలో నాలుగైదు చుక్కలు తప్ప ఏమీ మిగల్లేదు. భార్య కిందికి చూసింది, పైకి చూసింది. టెలిస్కోపు గొట్టం మీద చెయ్యి వేసి, పోయిన వస్తువు కోసం వెతికినట్టు ఇంకోసారి కన్ను ఆనించి చూసింది. లేదు. శాలువా నడుముకి బిగించుకుని మెట్ల వైపు నడిచింది.

"ఎక్కడికి?" అన్నాడాయన.

"ఆ అన్నయ్యగారితో మాట్లాడి వస్తాను. ఆ దీపాలకి కిందికి కొట్టేలా రేకు టోపీలైనా పెట్టిస్తాడో, నా చేత మాట పడతాడో తేల్చుకోనివ్వండి." రెండు మెట్లు దిగి ఆగింది. "అవునూ, అలాంటివి మొత్తం ఎన్నున్నాయన్నారు ఆ పట్టికలో?"

"నూట పది."

ఆయనకి ఇంకా ఒకటి మిగిలే ఉంది, ఆవిడకి నూట తొమ్మిదే.